కార్డ్ గేమ్‌కి స్టోర్ కవర్ బొమ్మ: డ్రాఫ్టు పెట్టాను, చూసి చెప్పండి

కల్లంకాడ

అందరికీ నమస్కారం. గుంటూరు నుంచి రాస్తున్నా. నేనూ మా బావమరిదీ కలిసి చేస్తున్న "ఎర్ర కల్లం" కార్డ్ గేమ్‌కి స్టీమ్‌లో (కంప్యూటర్ ఆటలు అమ్మే ఆన్‌లైన్ స్టోరు) పేజీ త్వరలో తెరవాలి. ఆట సంగతి తెలియనివాళ్ళకి క్లుప్తంగా చెప్తా. మంగమ్మ మిర్చి తొడిమలు తీసే కూలీ. రోజూ చేతిలోకి వచ్చిన కార్డులతో సరుకు కొనాలి, తాలు (రంగుపోయిన కాయలు) ఏరించాలి, ఇప్పుడే అమ్మాలా కోల్డ్ స్టోరేజీలో పెట్టాలా తేల్చుకోవాలి. అట్టా నడిపించుకుంటూ చివరికి యార్డు దగ్గర సొంత కమీషన్ దుకాణం పెట్టుకోవాలి. మిర్చి రకాలు తేజ, 334, బాడిగ, ఒక్కో రకం కార్డు ఒక్కో తీరుగా పనిచేస్తుంది. వాన కార్డు పడితే కల్లంలో ఆరబోసిందంతా తడుస్తుంది. ధర తేల్చేటప్పుడు తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని బేరం చేయాలి. ఆడి చూసినవాళ్ళందరికీ బాగా నచ్చింది ఆ ఘట్టమే.

కవర్ డ్రాఫ్టు జతచేశాను. బొమ్మ తెరుచుకోనివాళ్ళ కోసం: వెనక యార్డు మొత్తం, టిక్కీల (మిర్చి బస్తాల) గుట్టలు, ఎడమ పక్క కాటా, ముందు వరసగా పరిచిన కార్డులు, వాటి మీద బంగారు నాణేలు. పైన తెలుగులో పేరు, దాని కింద ఇంగ్లీషులో పేరు, ఆ కింద "మిర్చి యార్డులో వ్యూహాల పోరు" అని ఒక లైను. మొహమాటపడకుండా చెప్పండి.

నాజ్‌సెంటర్

ఫోన్‌లో చూశా అన్నా. రమ్మీ యాప్ అనుకున్నా.

బ్రాడీపేట_పిక్సెల్

బొమ్మ చేతిపని బాగుంది. కాటా గొలుసుల మీద పడ్డ వెలుగు చూస్తే ఎంత ఓపికగా వేశారో తెలుస్తోంది. కానీ దీన్ని జనం ఆ సైజులో చూడరు తమ్ముడూ. స్టీమ్ స్టోర్‌కి అడిగే కవర్ బొమ్మల్లో అన్నిటికంటే చిన్నది 462×174 పిక్సెళ్ళు. దాన్ని కూడా స్టీమ్ తనంతట తానే ఇంకా కుదించి సెర్చ్ ఫలితాల్లో, లిస్టుల్లో చూపిస్తుంది, 120×45 దాకా. నీ డ్రాఫ్టుని ఆ కొలతకి తగ్గించి కింద పెట్టాను చూడు. టిక్కీలు ఇటుకల గోడలా కనిపిస్తున్నాయి. కాటా మాయమైంది. రెండు భాషల్లో రాసిన పేరు రెండు గీతలైపోయింది. మిగిలింది కార్డులూ నాణేలే, అందుకే ఆ అబ్బాయికి రమ్మీ గుర్తొచ్చింది.

నన్నడిగితే ముందు తేల్చాల్సింది ఇది: ఈ బొమ్మలో మంగమ్మ ఎక్కడ? ఆట ఆవిడది. నువ్వు రాసిన వివరంలో మొదటి మాటే ఆవిడ పేరు. కవర్ మీదికొచ్చేసరికి యార్డులో ఉన్న సామానంతా ఉంది, మనిషి లేదు.

పటమట_కోడ్

అక్క చెప్పింది నిజం. నేను ఇంకో రెండు సంగతులు కలుపుతా, ఇవి నిబంధనలు కాబట్టి తప్పించుకోలేం.

ఆ కింది లైను తీసేయాల్సిందే. 2022 సెప్టెంబరు 1 నుంచి స్టీమ్ కవర్ బొమ్మల మీద ఆట బొమ్మ, ఆట పేరు, అధికారికంగా ఉపశీర్షిక ఉంటే అది, ఇవి తప్ప వేరే రాత ఉండకూడదు. రివ్యూ మార్కులు, అవార్డుల పేర్లు, డిస్కౌంటు మాటలు, ప్రచార వాక్యాలు ఏవీ కుదరవు.

రెండోది, ఒకే బొమ్మని నరికి అన్నిచోట్లా అతికించడం కుదరదు. హెడర్ 920×430, మెయిన్ 1232×706, నిలువుది 748×896, లైబ్రరీకి, అంటే కొన్న ఆటలుండే చోటుకి, 600×900. ఒకటి అడ్డం, ఒకటి నిలువు. వీటికి తోడు లైబ్రరీ పైన పరుచుకునే 3840×1240 బొమ్మ, దాని మీద రాత ఏదీ ఉండకూడదు, పేరుని వేరే పారదర్శక పీఎన్‌జీగా ఇవ్వాలి. అందుకని వేసేటప్పుడే వెనక దృశ్యం, మనిషి, కార్డు, పేరు అన్నీ విడివిడి లేయర్లలో ఉండాలి. బయట ఆర్టిస్టుతో వేయిస్తుంటే లేయర్లున్న అసలు ఫైలు ఇస్తారా, వాడుకునే హక్కు రాసిస్తారా అన్నది అడ్వాన్సు ఇవ్వకముందే మాట్లాడుకో.

ఇక నా అభిప్రాయం. మనిషిని పెట్టండి, సరే. కార్డులు మాత్రం తీసేయొద్దు. డెక్ కట్టే ఆటలు, అంటే ఆడుతూ కార్డుల కట్ట పెంచుకునేవి, వెతుక్కునేవాళ్ళు లిస్టులో వేగంగా కిందికి జారుతూ పోతారు. కార్డు ఆకారం కనిపిస్తేనే ఆగుతారు. మనిషి మొహం ఒక్కటే ఉంటే అది కథల ఆటో, వంటల ఆటో ఎవరికి తెలుస్తుంది?

తెనాలి_టీచరమ్మ

నేను గేములు తయారుచేసేదాన్ని కాదు. మా పిల్లలు ఆడతారు, నేను కూడా పక్కన కూర్చుని ఆడతాను. ఒక అమ్మగా చెప్తున్నాను, ఆ నాణేలు దయచేసి తీసేయండి. కార్డుల పక్కన డబ్బు కనిపిస్తే మన ఇళ్ళలో వచ్చే మొదటి ఆలోచన పేకాటే. అది ఊరికే భయం కాదు, అప్పులపాలైన కుటుంబాలు మాకు తెలుసు. 2020లో మన రాష్ట్రం 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ రమ్మీ, పోకర్‌లని నిషేధించింది. 2025 ఆగస్టులో కేంద్రం కూడా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ చట్టం తెచ్చింది. మీది ఆ కోవలోది కాదని మీకు తెలుసు, మాకెలా తెలుస్తుంది? తలుపు దగ్గరే అనుమానం వస్తే లోపలికి ఎవరొస్తారు నాయనా.

పటమట_కోడ్

టీచర్ గారు చెప్పింది మన దగ్గరే కాదు, బయట కూడా జరిగింది. బలాట్రో అని 2024 ఫిబ్రవరిలో వచ్చిన కార్డ్ గేమ్ ఉంది. పోకర్ చేతుల మీద నడుస్తుంది కానీ నిజం డబ్బుతో పందెం కాసేది ఏమీ లేదు. అయినా జూదం బొమ్మలు బాగా కనిపిస్తున్నాయని యూరప్‌లో వయసు రేటింగ్ ఇచ్చే పెగీ సంస్థ దాన్ని 18 ఏళ్ళు దాటినవాళ్ళకే అంది. కొన్ని దేశాల కన్సోల్ స్టోర్లలోంచి కొన్నాళ్ళు తీసేశారు కూడా. అప్పీలు చేసుకుంటే 2025 ఫిబ్రవరిలో 12కి తగ్గించారు. ఏడాది పోయింది. ఆ ఆట పేరు మోగిపోయింది కాబట్టి తట్టుకుంది. ఇద్దరు మనుషులు చేసే ఆటకి అంత ఓపిక ఎక్కడుంటుంది?

కాబట్టి నాణేలు వద్దు. నేను కార్డులు ఉండాలన్నది పేకముక్కలని కాదు. ఇస్పేటు, ఆటీను గుర్తులు ఎక్కడా కనపడకూడదు. మిర్చి బొమ్మ ఉన్న కార్డు చాలు.

కల్లంకాడ

టీచర్ గారూ, నాణేలు తీసేశాను. ఇది నాకు తట్టని కోణం, చాలా థాంక్స్.

మంగమ్మని పెట్టాలన్నది ఒప్పుకుంటా. ఎట్టా పెట్టాలి అన్నదే ప్రశ్న. మా బావమరిది అనేది, తువ్వాలు కింద ఇద్దరి చేతులు కలుస్తున్నట్టు వేద్దాం అని. ఆటలో బాగా నచ్చేది అదే కదా. ఎర్ర తువ్వాలు, కింద చేతులు, అంచున ఒక కార్డు తొంగిచూస్తూ.

నాజ్‌సెంటర్

అది సూపర్ అన్నా. ఏం జరుగుతుందో చూడాలనిపిస్తది.

తాడికొండ_రైతుబిడ్డ

మా తాత పశువుల సంతలో అట్టాగే బేరం చేసేవాడు. పైన మొహంలో ఏమీ తెలియనిచ్చేవాళ్ళు కాదు, కింద వేళ్ళు మాత్రం గట్టిగా మాట్లాడుకునేవి. చూసిన మాకు ఆ బొమ్మ చూడగానే వెన్ను నిటారవుతుంది. కానీ చూడనివాడికి? పూణేలోనో పోలండ్‌లోనో ఉన్నవాడికి గుడ్డ కింద చేతులంటే ఇంద్రజాలం అనుకుంటాడేమో.

బ్రాడీపేట_పిక్సెల్

నేను గీసి చూశాను, ఊరికే మాటల్లో తేలదని. పెద్ద సైజులో అద్భుతంగా ఉంది. చిన్న సైజులో తువ్వాలు ఒక ఎర్ర ముద్ద, చేతులు రెండు గోధుమరంగు మచ్చలు. చేతులతో వచ్చే చిక్కే అది, వేళ్ళు విడివిడిగా కనపడకపోతే అర్థం ఉండదు. పైగా ఈ బేరంలో వేళ్ళు కనపడకుండా ఉండటమే అసలు విషయం! దాచేదాన్ని చూపించడం కవర్ బొమ్మ పని కాదు. దాన్ని మొదటి స్క్రీన్‌షాట్‌గా పెట్టు, ట్రైలర్ మొదటి క్షణాల్లో పెట్టు. అక్కడ కదులుతుంది కాబట్టి చూసేవాళ్ళకి తెలుస్తుంది.

చిన్న సైజులో నిలబడేది కళ్ళే. మనిషి కళ్ళు ఎంత తగ్గించినా కళ్ళుగానే కనపడతాయి.

తాడికొండ_రైతుబిడ్డ

అయితే ఒకటి చెప్తా. తొడిమలు తీసే ఆడవాళ్ళని ఎప్పుడైనా దగ్గర్నుంచి చూశారా? ఘాటుకి ఓర్చుకోలేక ముక్కూ నోరూ కప్పి చీర కొంగో తువ్వాలో గట్టిగా కట్టుకుంటారు. కనపడేది కళ్ళే. మా అమ్మ సీజన్‌లో ఇంటికొచ్చి ఆ గుడ్డ విప్పితే మాకు తుమ్ములొచ్చేవి. చేతులు మంటలని రాత్రి కొబ్బరినూనె రాసుకునేది.

మంగమ్మని అట్టా వెయ్యండి. మొహం మీద కట్టుకున్న గుడ్డ, పైన ఆ చూపు.

బ్రాడీపేట_పిక్సెల్

దొరికింది.

గుడ్డ ఎరుపు. కళ్ళు సూటిగా మనవైపు. కంటి పక్కకి ఎత్తిపట్టుకున్న ఒక్క కార్డు, దాని మీద ఒక్క మిరపకాయ. అంతే, ఇంకేమీ వద్దు. పటమట తమ్ముడు అడిగిన కార్డు ఉంది, టీచర్ గారు భయపడ్డ పేకముక్క లేదు, కల్లంకాడ ఆటలోని మనిషి ఉంది. కార్డుని కొద్దిగా వంచి పట్టుకోవాలి, లేకపోతే ఫోన్ పట్టుకున్నట్టు ఉంటుంది. సాయంత్రానికి ముతక స్కెచ్ పెడతా.

గాంధీనగర్_పోస్టర్

ఆలస్యంగా చూశాను. బెజవాడ గాంధీనగర్‌లో సినిమా పోస్టర్ల పనిలో చాలా ఏళ్ళున్నవాణ్ణి. కంప్యూటర్ ఆటలు నాకు తెలియవు. ఏలూరు రోడ్డు మీద 24 షీట్ పోస్టరు అతికిస్తే బస్సు కిటికీలోంచి చూసేవాడికి అది పట్టాలి, మీకు కావలసినదీ అదే అని అర్థమైంది.

స్కెచ్ చూశాను. చూపు బాగుంది. రంగు గురించి చెప్పాలి. ఎరుపు మీకు తప్పదు, మిర్చి కాబట్టి. కానీ ఎర్ర గుడ్డ, ఎర్ర మిరపకాయ, వెనక ఎర్ర కల్లం, అన్నీ ఎరుపైతే ఏదీ ఎరుపు కాదు. ముదురు ఎరుపుని నలుపు తెలుపులోకి మార్చి చూడండి, దాదాపు నల్లగా పడుతుంది. ఆ సైటు చూశాను, పేజీ అంతా ముదురు నీలం. దాని మీద మీ బొమ్మ అంచులు కలిసిపోతాయి. కాబట్టి వెనక లేత రంగు కావాలి. కల్లాల్లో తెల్లవారుజామున ఉండే వెలుగు గుర్తుందా? బూడిద కలిసిన పసుపు. అది వెయ్యండి. దాని ముందు గుడ్డ ఒక్కటే నిండు ఎరుపు, కార్డు మీది మిరపకాయ కాస్త నారింజ వైపు. కళ్ళలో తెలుపు బొమ్మ మొత్తంలో అన్నిటికన్నా తెల్లగా ఉండాలి. కార్డు అంచుకి కూడా అంత తెలుపు ఇవ్వకండి, చూపు అటు పోతుంది.

మొహం మధ్యలో పెట్టకండి. కుడికి జరపండి, ఎడమ పక్క పేరుకి వదలండి. నిలువు బొమ్మలో మొహం పైన, పేరు కింద.

పేరు తెలుగులో ఉండాలని నా కోరిక.

పటమట_కోడ్

మాస్టారూ, రంగుల గురించి మీరు చెప్పింది బంగారం. పేరు విషయంలో మాత్రం ఒప్పుకోలేను. స్టీమ్‌లో ఆయా భాషకి వేరే కవర్ బొమ్మ పెట్టుకోవచ్చు, కానీ ఆ స్టోర్ భాషల జాబితాలో తెలుగు లేదు. అంటే తెలుగు పేరున్న బొమ్మని తెలుగువాళ్ళకి మాత్రమే చూపించే దారి లేదు. ఒకటే బొమ్మ, లోకమంతా చూస్తుంది. చదవలేని అక్షరాలుంటే పేరు గుర్తుపెట్టుకుని వెతికేదెలా?

గాంధీనగర్_పోస్టర్

చదవలేకపోయినా చూడగలరు బాబూ. జపాన్ ఆటల మీద జపాన్ అక్షరాలుంటే మన పిల్లలు చదవగలిగే కొంటున్నారా?

బ్రాడీపేట_పిక్సెల్

ఇద్దరి మాటా విన్నాను, నేను అక్షరం కొలత వైపు నుంచి చెప్తా. "ఎర్ర కల్లం" రెండు మాటల్లోనూ కింద వత్తు ఉంది. పైన తలకట్టు, మధ్యలో అక్షరం, కింద వత్తు, మూడు అంతస్తులు. ఇంగ్లీషు పెద్దక్షరాలు ఉన్న ఎత్తంతా నింపేస్తాయి. అదే 174 ఎత్తులో మన అక్షరానికి నిజంగా మిగిలేది సగం కాస్త పైన. రెండు భాషలూ పెడితే ఒక్కోదానికి పావు. అప్పుడు ఏదీ చదవలేం. కాబట్టి ఒక బొమ్మ మీద ఒకటే లిపి.

నా సలహా: స్టీమ్‌లో ఇంగ్లీషు అక్షరాలు, గూగుల్ ప్లేలో తెలుగు. ప్లే స్టోర్‌లో తెలుగు లిస్టింగ్ పెట్టుకోవచ్చు, దానికి బొమ్మలు కూడా వేరేగా ఇవ్వచ్చు. అక్కడి ఫీచర్ బొమ్మ 1024×500, తెలుగు పేరుకి కావలసినంత చోటు. ఐకాన్ 512×512, దాని మీద ఏ లిపీ వద్దు, కళ్ళూ గుడ్డా చాలు. మూలలు మీరు గుండ్రంగా కోయకండి, ప్లే వాళ్ళే కోస్తారు.

మాస్టారూ, తెలుగు పేరు మాత్రం ఫాంటులో కొట్టి వదిలేయకూడదని మీరే ఒప్పుకుంటారు. రామభద్ర మందంగా ఉంటుంది, వాణిజ్యానికి కూడా ఉచితమే, దాన్ని ఆధారంగా పెట్టుకోవచ్చు. పైమాటలో రావత్తు కిందిమాట తలకట్టుకి తగలకుండా రెండు లైన్లూ ఒకదాంట్లో ఒకటి ఇమిడేట్టు చేత్తో దిద్దాలి. ఆ పని మీ తరంవాళ్ళకి వచ్చినట్టు మాకు రాదు. మీరు దిద్దిపెడతారా?

గాంధీనగర్_పోస్టర్

కాగితం మీద రాసి ఫోటో పంపిస్తానమ్మా. కంప్యూటర్‌లోకి మీరే ఎక్కించుకోండి. "ర్ర" కింద వత్తుని కాస్త సాగదీసి మిరపతొడిమలా వంచుతా.

కల్లంకాడ

మాస్టారూ, మాటలు రావడం లేదు. ఆదివారం బెజవాడ వచ్చి కాగితం నేనే తీసుకెళ్తా, ఫోటో వద్దు.

పటమట అన్నా, ఒక చిన్న చిక్కు. ఫోటోషాప్‌లో తెలుగు కొడితే వత్తులు పక్కకి విడిపోతున్నాయి.

పటమట_కోడ్

నీది పాత ఫోటోషాప్ అయితే ప్రిఫరెన్సెస్‌లో టైప్ దగ్గర వరల్డ్-రెడీ లేఅవుట్ ఎంచుకుని, ప్యారాగ్రాఫ్ ప్యానెల్‌లో కూడా వరల్డ్-రెడీ కంపోజరే ఉందో లేదో చూడు, కూడుకుంటాయి. అను ఫాంట్లతో డీటీపీ షాపులో కొట్టించిన ఫైలు తేకు, అది యూనికోడ్ కాదు, ఆటలోకి కాపీ చేస్తే చెత్త అక్షరాలొస్తాయి.

నాజ్‌సెంటర్

ఇంత కష్టమెందుకు అన్నా, ఏఐకి చెప్తే నిమిషంలో బొమ్మ ఇస్తది కదా. నేను ఇచ్చి చూశా, జతచేశా.

తాడికొండ_రైతుబిడ్డ

చూశా తమ్ముడూ. కార్డు మీద ఉన్నది మన మిరపకాయే కాదు, బజ్జీ మిరపకాయ లావుంది. తేజ సన్నగా, పొట్టిగా ఉంటుంది, ఘాటెక్కువ. బాడిగ పొడుగ్గా ముడతలు పడి ఉంటుంది, రంగెక్కువ, కారం తక్కువ. ఈ తేడాల మీదే వాళ్ళ ఆట నడుస్తుంది. ఆవిడ గుడ్డ కూడా పెళ్ళికి కట్టుకున్నట్టు జరీ అంచుతో ఉంది. కూలి పనికి అట్టా ఎవరొస్తారు? మా అమ్మ కళ్ళు మంటకి ఎర్రబడి, కింద నీళ్ళు తిరిగి ఉండేవి. ఆ తడి ఎక్కడ?

పటమట_కోడ్

ఏఐతో చేసిన బొమ్మలు వాడితే 2024 జనవరి నుంచి స్టీమ్‌కి ఆ సంగతి చెప్పాలి, పేజీ మీద కూడా కనపడుతుంది. వాడొద్దని నిబంధన లేదు. కానీ రైతుబిడ్డ చెప్పినట్టు, మన యార్డు తెలియనిది మన యార్డు బొమ్మ వెయ్యలేదు.

బ్రాడీపేట_పిక్సెల్

కళ్ళ కింద తడి! అది వేస్తున్నా. చిన్న సైజులో కనపడదు, అయినా వేస్తా. పేజీ తెరిచి పెద్దగా చూసినవాళ్ళకి కనపడుతుంది.

రంగుల్తో రెండో స్కెచ్ జతచేశా. మాస్టారు చెప్పిన తెల్లవారుజాము వెలుగు. ఒక్క మార్పు చేశాను, కల్లాన్ని పూర్తిగా తీసేయకుండా మొహం వెనక ఒక సన్నటి ఎర్ర పట్టీలా, దూరంగా ఉంచాను. నలుపు తెలుపులో కూడా పక్కనే పెట్టా, పోల్చుకోండి.

తెనాలి_టీచరమ్మ

మా అమ్మాయికి ఫోన్‌లో రెండు క్షణాలు చూపించి తీసేసి, ఏం ఆట అని అడిగాను. "కారం ఆంటీ ఏదో రహస్యం దాస్తోంది, కార్డులతో ఆడాలి" అంది. పేకాట అనలేదు.

కల్లంకాడ

టీచర్ గారూ, పాపకి ఆట మొదటి కాపీ మా తరఫున.

పరీక్ష ఇంకా ఎట్టా చేయాలి? స్టీమ్‌లో రెండు బొమ్మలు పెట్టి పోల్చే వీలుందా?

పటమట_కోడ్

గూగుల్ ప్లేలో ఆటలు పెట్టేవాళ్ళు వాడే ప్లే కన్సోల్‌లో ఉంది, స్టోర్ లిస్టింగ్ ఎక్స్‌పెరిమెంట్స్ అంటారు. సగం మందికి ఒకటి, సగం మందికి ఇంకోటి చూపించి లెక్క చెప్తుంది. స్టీమ్‌లో అలాంటిది లేదు. బొమ్మ ఎన్నిసార్లు కనపడింది, ఎంతమంది నొక్కారు అన్నది ట్రాఫిక్ రిపోర్టులో ఇస్తుంది. బొమ్మ మార్చిన రోజు తేదీ రాసిపెట్టుకో. అదే రోజు వేరే ప్రచారం ఏదీ చేయకు, చేస్తే దేనివల్ల పెరిగిందో తెలియదు.

అంతకన్నా ముందు చేతిలో ఉన్న పని: స్టోర్‌లో డెక్ బిల్డింగ్ ట్యాగ్ పేజీని స్క్రీన్‌షాట్ తీసి, అందులో ఒక బొమ్మ స్థానంలో నీది అతికించు. అక్కడ ఊదా, ముదురు నీలం, నిప్పు రంగులు ఎక్కువగా కనపడతాయి. పసుపు బూడిద వెలుగు వాటి మధ్య వేరుగా నిలుస్తుందనే నా నమ్మకం, కానీ అతికించి చూడు. ఇట్చ్‌లో (చిన్న జట్లు ఆటలు పెట్టుకునే సైటు) కూడా డెమో పెడతానన్నావు కదా, అక్కడ కవర్ 630×500, కాస్త అడ్డంగా ఉంటుంది. నిలువు బొమ్మని కోస్తే పేరో మొహమో పోతుంది, దానికి లేయర్లు జరిపి వేరేగా కూర్చుకో.

గాంధీనగర్_పోస్టర్

రెండో స్కెచ్ చూశాను. వెనక ఎర్ర పట్టీ సరిగ్గా కంటి ఎత్తులో వచ్చింది, కళ్ళని కోసేస్తోంది. భుజం దగ్గరికి దించండమ్మా. మిగతాది కదపొద్దు.

బ్రాడీపేట_పిక్సెల్

దించాను మాస్టారూ. నిజమే, ఇప్పుడు చూపు నిలబడింది. కల్లంకాడ, లేయర్లున్న ఫైలు రాత్రికి పంపిస్తా. పేరు కోసం ఎడమ పక్క ఖాళీ వదిలాను, ఆదివారం కాగితం వచ్చాక కూర్చోబెడదాం. ఇంగ్లీషు పేరుకి కూడా మాస్టారి చేతిరాత మందమే రావాలి, రెండు స్టోర్లలో రెండు వేరే ఆటల్లా ఉండకూడదు.

తాడికొండ_రైతుబిడ్డ

కార్డు మీద తేజ వేస్తున్నారా, 334 వేస్తున్నారా?

కల్లంకాడ

తేజ అన్నా. మంగమ్మ మొదటి చేతిలో పడే కార్డు అదే.